పాత రేసింగ్ సైకిల్ సెకండ్ హ్యాండ్‌లో కొనేవారి తరచు ప్రశ్నలు: బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, కోరాపుట్ వైపు వారికి

వింటేజ్ రోడ్ బైక్ అని వేటిని అంటారు?

స్టీలు ఫ్రేము, సన్నటి ట్యూబులు, కిందికి వంగిన హ్యాండిల్, ఫ్రేము కింది ట్యూబు మీద గేరు మీటలు, బయటికి కనబడే బ్రేకు కేబుళ్లు. ఇవన్నీ ఉండి 1980ల చివరికి ముందు తయారైతే దాన్ని వింటేజ్ అనేయొచ్చు. ఇటలీలో 1997 నుంచి జరుగుతున్న లెరోయికా అనే పాత సైకిళ్ల సవారీలో కూడా దాదాపు 1987 దగ్గరే గీత గీస్తారు. మన దగ్గర దొరికేవి రెండు రకాలు. ఒకటి, హీరో హాక్ లాంటి మన దేశపు రేసింగ్ సైకిళ్లు. రెండోది, కోల్‌కతా, బెంగళూరు, పుణె, హైదరాబాద్ నుంచి అమ్మకానికి వచ్చే ఇంగ్లండ్, ఫ్రాన్స్, ఇటలీ, జపాన్ సైకిళ్లు. పాలవాళ్లు, పోస్ట్‌మన్‌లు తొక్కిన నల్ల సైకిల్ రోడ్‌స్టర్. అది వేరే తరగతి, కాబట్టి ఇక్కడ దాని జోలికి పోవడం లేదు.

మూడు సైకిళ్లు నచ్చాయి. ముందు దేన్ని చూసి తేల్చుకోవాలి?

ఈ వరసలో చూడండి: ఫ్రేము తిన్నగా ఉందా, మీ సైజేనా, దాని మరలూ కొలతలూ మన మెకానిక్ దగ్గర దొరికే సామానుకు సరిపోతాయా, చక్రాలు ఏ సైజు. గేర్లు, బ్రేకులు, సీటు, రంగు ఆ తర్వాత. పేరు అన్నిటికన్నా చివర. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. ట్యూబు మీద పేరు చూసి డబ్బు ఇచ్చేసి, ఇంటికి వచ్చాక బాటమ్ బ్రాకెట్, అంటే పెడల్స్ ఇరుసు తిరిగే చోటు, దాని కప్పు కోసం ఆరు నెలలు వెతుకుతారు. పెద్ద కంపెనీలన్నీ చవక మోడళ్లు కూడా చేశాయి. ఒకే పేరు కింద 9 కిలోల సైకిలూ, 14 కిలోల సైకిలూ ఉంటాయి.

ఫ్రేము దెబ్బ తిన్నదని ఎలా కనిపెట్టాలి?

ఇందుకు అరగంట పడుతుంది. ఆ అరగంట కేటాయించకుండా కొనకండి.

ముందు నుంచి గట్టిగా గుద్దుకున్న సైకిల్ ఫ్రేము హెడ్ ట్యూబుకు, అంటే హ్యాండిల్ కింద ముందుండే పొట్టి ట్యూబుకు, కాస్త వెనకే ముడత పడుతుంది. ఎండలో నిలబెట్టి, పై ట్యూబు అడుగు భాగాన్నీ, కింది ట్యూబు అడుగు భాగాన్నీ లగ్గు, అంటే ట్యూబులు కలిసే చోట ఉండే తొడుగు, అంచు నుంచి ఒక జానెడు దూరం వరకు బొటనవేలితో నెమ్మదిగా నిమరండి. చిన్న అల గానీ ఉబ్బు గానీ తగిలినా, రంగు అడ్డంగా సన్నటి గీతలా పగిలినా ఆ ఫ్రేము వంగిందనే అర్థం. కంటిని మాత్రమే నమ్మకండి, వేలితో కూడా చూడండి. కొత్తగా రంగు వేసిన ఫ్రేములో ఈ ముడత కంటికి కనబడదు, వేలికి మాత్రం దొరుకుతుంది.

తర్వాత ఫోర్కు. పక్క నుంచి చూస్తే హెడ్ ట్యూబు గీత ఎటు పోతోందో, ఫోర్కు కాళ్ల పై భాగం కూడా అదే గీతలో దిగాలి. వంపు కింద మాత్రమే ఉండాలి. ఒక స్కేలును హెడ్ ట్యూబు పక్కన ఆనించి చూస్తే తెలిసిపోతుంది. పై భాగమే వెనక్కి వాలి ఉంటే ఫోర్కు గుద్దుకుంది. ముందు చక్రం కింది ట్యూబుకు బాగా దగ్గరగా వచ్చి ఉండటం మరో గుర్తు.

వెనక భాగానికి దారం పరీక్ష చేయండి. ఒక గట్టి దారాన్ని వెనక డ్రాపౌట్‌కు, అంటే ఇరుసు కూర్చునే చెవికి కట్టండి. దాన్ని ముందుకు తెచ్చి హెడ్ ట్యూబు చుట్టూ తిప్పి, వెనక్కి తీసుకెళ్లి రెండో డ్రాపౌట్‌కు బిగించండి. సీటు ట్యూబు దగ్గర దారానికీ ట్యూబుకూ మధ్య దూరాన్ని రెండు వైపులా కొలవండి. 2 మి.మీ. తేడా వరకు పర్వాలేదు. అంతకు మించితే ఫ్రేము పక్కకు ఒరిగింది. మంచి మెకానిక్ స్టీలు ఫ్రేమును సరిచేయగలడు, కానీ ఆ ఖర్చు, రిస్కు మీ బేరంలో కనబడాలి.

పగుళ్లకు అలవాటైన చోట్లు కొన్ని ఉన్నాయి. సీటు బోల్టు బిగించే చెవులు, గేరు వైపు డ్రాపౌట్, బాటమ్ బ్రాకెట్ దగ్గర కుడి వెనక దండ, పెడల్ మర కూర్చునే క్రాంకు, అంటే పెడల్ చేతి, కన్ను. హ్యాండిల్‌ను స్టెమ్, అంటే ఫ్రేములోకి దిగే దాని మెడ, పట్టుకునే చోట కూడా చూడండి. అక్కడ లోతైన గీతలు పడ్డ పాత అల్యూమినియం హ్యాండిల్ హఠాత్తుగా విరగొచ్చు. ఇది మాత్రం కొన్న వెంటనే మార్చాల్సిన భాగం.

నా ఎత్తుకు ఏ సైజు?

కాళ్ల మధ్య గట్టిగా ఒక పుస్తకాన్ని పైకి నొక్కి పెట్టి, నేల నుంచి పుస్తకం అంచు దాకా కొలవండి. ఆ కొలతను 0.66తో గుణించండి. 78 సెం.మీ. వస్తే దాదాపు 51 సెం.మీ. ఫ్రేము. నిలబడితే పై ట్యూబుకూ మీకూ మధ్య 3 నుంచి 5 సెం.మీ. సందు ఉండాలి. ఇంగ్లండ్ సైకిళ్లలో 23 అంగుళాల ఫ్రేము, అంటే 58 సెం.మీ. పైన, చాలా కనబడుతుంది. మన దగ్గర చాలామందికి అది పెద్దదే. చవకగా వస్తోందని సైజు తప్పి కొన్నది ఇంటి గోడకే ఆనుకుని ఉంటుంది. కొలిచేటప్పుడు ఒక విషయం అడగండి: ఇటలీ వాళ్లు ట్యూబు మధ్య నుంచి మధ్యకు కొలుస్తారు, ఇంగ్లండ్ వాళ్లు పై అంచు వరకు కొలుస్తారు. అదే ఫ్రేము రెండు లెక్కల్లో సెంటీమీటరున్నర, రెండు తేడా చూపిస్తుంది.

గోపాల్‌పూర్, ఛత్రపురం దగ్గర ఉన్న సైకిల్ కొనొచ్చా? ఉప్పు గాలి కదా?

కొనొచ్చు, కానీ తుప్పును వేరు చేసి చూడాలి. పైపైన గోధుమ రంగు పొడిలా ఉన్న తుప్పును సన్నటి స్టీలు పీచుతో రుద్దితే పోతుంది. రంగు కింద బుడగలు లేచి, గోరుతో నొక్కితే పొరలు రాలి, గుంటలు కనబడితే లోహం తినేసింది. సన్నటి ట్యూబుల మధ్య భాగంలో స్టీలు మందం మిల్లీమీటరు కూడా ఉండదు, అందుకే గుంట పడితే ఇక వద్దు.

అసలు ప్రమాదం లోపల ఉంటుంది. సీటు రాడ్ పైకి లాగి టార్చి వేసి సీటు ట్యూబులోకి చూడండి. సైకిల్‌ను తిరగేసి బాటమ్ బ్రాకెట్ గుండ్రటి డొక్క అడుగును చూడండి. వాననీళ్లు, చెమట, సీటు పక్క నుంచి కారిన నీళ్లు అన్నీ చేరేది అక్కడికే. 2013 ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను వరదల్లో ముంచింది. ఆ ఊళ్లలో ఇంట్లోకి వచ్చిన నీళ్లలో నిలిచిన సైకిళ్లు ఇప్పటికీ బజారుకు వస్తున్నాయి. బయటి నుంచి శుభ్రంగా తుడిచి ఉంటాయి. పెడల్ తిప్పితే గరగర శబ్దం, హ్యాండిల్ తిప్పితే మధ్యలో ఒక గుంటలో పడ్డట్టు ఆగడం, హబ్, అంటే చక్రం నడిమి గుబ్బ, ఇరుసు దగ్గర ఎర్రటి జిడ్డు. ఇవి నీటిలో నిలిచిన గుర్తులు.

కొన్నాక చేయాల్సిన పని: బాటమ్ బ్రాకెట్ విప్పి ఫ్రేమును బాగా ఆరబెట్టండి. పెయింట్ షాపులో దొరికే డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్, అంటే మరిగించిన అవిసె నూనె, ఒక్కో ట్యూబులో 30 మి.లీ. చొప్పున పోసి అన్ని వైపులకూ తిప్పండి. మిగిలింది కారిపోనిచ్చి వారం ఆరనివ్వండి. ఆ నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూలకు పడేయకండి. తనంతట తానే వేడెక్కి అంటుకుంటుంది. గాలికి చదునుగా పరిచి ఆరనివ్వండి లేదా నీళ్లలో ముంచి ఉంచండి.

సీటు రాడ్ కదలడం లేదు. అమ్మేవాడు "కొంచెం నూనె వేస్తే వస్తుంది" అంటున్నాడు. నమ్మొచ్చా?

ఆ సైకిల్‌కి మీ సైజు కచ్చితంగా కుదిరి, సీటు ఎత్తు ఇప్పటికే సరిపోతే తప్ప నమ్మొద్దు. స్టీలు ట్యూబులో అల్యూమినియం రాడ్ ఏళ్ల తరబడి గ్రీజు లేకుండా ఉంటే ఉప్పు తేమకు రెండు లోహాలూ ఒకదాన్నొకటి పట్టేస్తాయి. చొచ్చుకుపోయే నూనె రోజుల తరబడి వేస్తూ, సీటును బిగించి మెలితిప్పితే కొన్ని వస్తాయి. మరికొన్నిటిని లోపల రంపంతో కోసి తీయాలి. హ్యాండిల్ స్టెమ్ కూడా అంతే. కాబట్టి చూడటానికి వెళ్లినప్పుడే సీటు రాడ్‌నూ, స్టెమ్‌నూ కదిలించి చూపించమనండి. ఇరుక్కుపోయాయంటే బేరం సగానికి దింపాల్సిందే.

స్టిక్కర్ల మీద రెనాల్డ్స్ 531, కొలంబస్, టాంగే అని రాసి ఉంటుంది. వాటికి ఎంత విలువ ఇవ్వాలి?

నిజమైతే చాలా విలువ. రెనాల్డ్స్ 531 అనే మాంగనీస్ మాలిబ్డినం స్టీలు 1935లో వచ్చింది. కొసల్లో మందంగా, మధ్యలో పలుచగా ఉండే బటెడ్ ట్యూబులు ఫ్రేమును తేలిక చేస్తాయి. ఇటలీలో కొలంబస్, జపాన్‌లో టాంగే, ఇషివాతా ఇదే పని చేశాయి. అయితే స్టిక్కర్‌ను ఎవరైనా అంటించొచ్చు. సాక్ష్యం సీటు రాడ్ దగ్గర ఉంటుంది. వెర్నియర్ కాలిపర్‌తో దాని వ్యాసాన్ని కొలవండి. మంచి బటెడ్ ఫ్రేములో 27.2 మి.మీ. లేదా దగ్గరగా 26.8 వస్తుంది. ఫ్రెంచి కొలతల ఫ్రేముల్లో 26.4 వస్తుంది. 25.4కి దిగిందంటే ట్యూబు గోడ మందం, అంటే మామూలు స్టీలు. రాడ్ మీదే కొలత అచ్చు వేసి ఉంటే అదీ చూడండి, కానీ మధ్యలో ఎవరో తప్పు రాడ్ దోపి ఉండొచ్చు. స్టిక్కర్‌లో "మెయిన్ ట్యూబులు" అని మాత్రమే ఉంటే మిగతావి సాదా స్టీలే.

స్టిక్కర్ లేకున్నా బాధపడకండి. తిన్నగా ఉన్న మామూలు స్టీలు ఫ్రేము, వంగిన 531 కన్నా ఎంతో మేలు.

ఇంగ్లండ్, ఫ్రాన్స్, ఇటలీ, జపాన్. ఏ దేశపుది మన వైపు గిట్టుబాటు?

మొదటి పాత సైకిల్ కొనేవాళ్లకు 1980ల జపాన్ సైకిల్‌నే మేము గట్టిగా సూచిస్తాం. మియాటా, ఫూజీ, పానాసోనిక్, నిషికి ఏదైనా సరే. వీటిలో బాటమ్ బ్రాకెట్ ఇంగ్లండ్ మరలతో ఉంటుంది: 1.37 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు, కుడి కప్పు మాత్రం ఎడమ మర, అంటే ఎదురు దిశలో బిగిసేది. ఈ కొలత సామాను నేటికీ కొత్తగా దొరుకుతుంది. షిమానో, సన్‌టూర్ గేర్లు చక్కగా పనిచేస్తాయి. వెనక డిరైలర్‌ను, అంటే గొలుసును ఒక పళ్ల చక్రం నుంచి మరోదానికి జరిపే భాగాన్ని, ఏటవాలు సమాంతర చతుర్భుజం ఆకారంలో సన్‌టూర్ 1964లో తెచ్చింది. ఇప్పటి డిరైలర్లన్నీ దాదాపు ఆ పద్ధతిలోనే నడుస్తున్నాయి.

నాటింగ్‌హామ్‌లో తయారైన రాలీ అందమైన బండి, ఫ్రేము మన్నిక గొప్పది. కానీ వీటిలో చాలావాటికి అంగుళానికి 26 చుట్ల సొంత మర ఉంటుంది. కొత్త కప్పు వేయాలంటే అది వెతకాలి. ఉన్న కప్పులు గుంటలు పడకుండా ఉన్నాయా అని చూడండి. బాగుంటే 1/4 అంగుళం బాల్స్ వైపుకు 11 చొప్పున కొత్తవి, కొత్త గ్రీజు వేస్తే ఇంకో ఇరవై ఏళ్లు తొక్కుతారు. మన దేశంలో అసన్‌సోల్ దగ్గర సెన్-రాలీ ఫ్యాక్టరీ ఉండేది కాబట్టి రాలీ పేరుతో ఇక్కడి సైకిళ్లూ ఉంటాయి. రెంటినీ కలిపేసి ఇంగ్లండ్ ధర ఇవ్వకండి.

ఫ్రెంచి సైకిళ్లు, అంటే పెజో, మోటోబెకాన్, జితాన్, తొక్కడానికి హాయిగా ఉంటాయి. వాటి కొలతలు మాత్రం విడ్డూరం. 1970ల పెజోలో బాటమ్ బ్రాకెట్ 35 మి.మీ., 1 మి.మీ. మర, రెండు వైపులా కుడి మరే. స్టెమ్ 22.0 మి.మీ., మిగతా ప్రపంచానిది 22.2. పెడల్ మర 14 మి.మీ., ఫ్రీవీల్, అంటే వెనక పళ్ల చక్రాల గుత్తి, మర వేరు. క్రాంకు విప్పే పుల్లర్ కూడా స్ట్రాంగ్‌లైట్ కంపెనీదానికి 23.35, టీఏ కంపెనీదానికి 23 మి.మీ. కావాలి. మామూలు 22 మి.మీ. పుల్లర్ పెట్టి తిప్పితే క్రాంకు మరలు చెడిపోతాయి. వాటి ప్లాస్టిక్ సింప్లెక్స్ డిరైలర్లు పాతబడి విరుగుతాయి, కాబట్టి వాటికి ధర కట్టొద్దు. అన్ని భాగాలూ సరిగా తిరుగుతుంటేనే ఫ్రెంచిది కొనండి.

ఇటలీవాటి బాటమ్ బ్రాకెట్ రెండు వైపులా కుడి మర, 36 మి.మీ. సామాను దొరుకుతుంది కానీ ఖరీదు. మంచి ఫ్రేము చేతికి వస్తే వదులుకోవద్దు. కుడి కప్పు తొక్కుతుండగా తనంతట తానే వదులు కావడం వీటి గుణం, గట్టిగా బిగించుకోవాలి.

వీటస్ 979 లాంటి అల్యూమినియం ఫ్రేము అతికించి చేసినది. అతుకు విడిందంటే దాన్ని ఇక్కడ ఎవరూ బాగు చేయలేరు. మొదటి సైకిల్‌గా వద్దు. అయస్కాంతం పెట్టి చూస్తే స్టీలో కాదో వెంటనే తేలుతుంది. వైకౌంట్ అనే ఇంగ్లండ్ సైకిల్ అల్యూమినియం ఫోర్కు విరిగి జనాన్ని కింద పడేసింది, కంపెనీయే వాటిని వెనక్కి పిలిచింది. అలాంటిది ఫోర్కు మార్చకుండా తొక్కరాదు.

చక్రాల సైజు 27, 28, 700సి. మూడూ ఒకటేనా?

కాదు, ఇక్కడే ఎక్కువ మంది డబ్బు పోగొట్టుకుంటారు. టైరు పక్కన రెండు అంకెల మధ్య గీతతో ఒక సంఖ్య ఉంటుంది, 32-630 లాగా. రెండో అంకె రిమ్ము మీద టైరు కూర్చునే వ్యాసం, మి.మీ.లో. అది ఒక్కటే నమ్మదగినది. 27 అంగుళాల రేసింగ్ చక్రం 630. 700సి అంటే 622. మన నల్ల సైకిళ్ల 28 × 1½ అంటే 635. పాత టైరు మీద 28 × 1⅝ × 1⅜ అని ఉంటే పేరుకు 28 గానీ అది 622, 700సి టైరే. 630 రిమ్ముకు 635 టైరు ఎక్కుతుంది, గాలి కొట్టగానే వదులుగా జారి బయటికి వస్తుంది.

మన వైపు 635 టైరు ప్రతి ఊళ్లోనూ, పల్లె సంతలో కూడా దొరుకుతుంది. 700సి టైర్లు హైబ్రిడ్ సైకిళ్ల వల్ల బరంపురం, విశాఖల్లో దొరుకుతున్నాయి, ఆన్‌లైన్‌లో సరేసరి. 27 అంగుళాలది ఎక్కువగా ఆర్డరు పెట్టాలి. అందుకే 700సి ఉన్న సైకిల్‌కు ఎప్పుడూ ఒక మార్కు ఎక్కువ వేయండి.

27 అంగుళాల ఫ్రేముకు 700సి చక్రాలు పెట్టుకోవచ్చు. బ్రేకు కట్ట, అంటే రిమ్మును నొక్కే రబ్బరు ముక్క, 4 మి.మీ. కిందికి దిగాలి, అంతే. బ్రేకు చేతుల్లో కట్ట పైకీ కిందికీ జరిపే సందు ఎంత ఉందో కొనేటప్పుడే చూడండి. ఇప్పుడు కట్ట ఆ సందులో పై కొసలో ఉంటే దించడానికి చోటుంది. అప్పటికే కింది కొసలో ఉంటే పొడవాటి చేతుల బ్రేకులు కొనాలి.

గమ్ముతో అతికించే ట్యూబులర్ టైర్లు ఉన్న చక్రాలు మన రోడ్లకు వద్దు. పంచర్ పడితే కుట్లు విప్పి వేయాలి.

స్టీలు రిమ్ముల సైకిల్ తీసుకోవచ్చా?

జూన్ నుంచి అక్టోబరు దాకా వానలుండే చోట వద్దనే చెబుతాం. క్రోమ్ పూత ఉన్న స్టీలు రిమ్ము తడిస్తే బ్రేకు కట్ట పట్టు దొరక్క జారిపోతుంది, ఆగే దూరం ఎన్నో రెట్లు పెరుగుతుంది. సాలూరు నుంచి సుంకి మీదుగా పొట్టంగికి ఎక్కి తిరిగి దిగే ఘాట్‌లో ఇది ప్రాణం మీదికి వస్తుంది. అయస్కాంతం అంటుకుంటే స్టీలు. ఫ్రేము బాగుంటే కొనండి, కానీ అల్యూమినియం రిమ్ముల ఖర్చు ధరలోంచి తగ్గించి. అల్యూమినియం రిమ్ము ఉంటే దాని పక్క గోడను వేలితో తడమండి. లోపలికి పల్లంలా అరిగి ఉంటే అది పగిలే రోజు దగ్గర పడింది.

హ్యాండిల్ పైన అడ్డంగా ఉండే రెండో బ్రేకు మీటల మీద కూడా భరోసా పెట్టుకోవద్దు. అవి సగం దూరం ఊరికే కదులుతాయి. తీసేయించండి.

ఘాట్ ఎక్కడానికి ఈ పాత గేర్లు సరిపోతాయా?

కోరాపుట్ సముద్ర మట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంది. పాత రేసింగ్ సైకిల్ ముందు 52, 42 పళ్లు, వెనక 14 నుంచి 28 పళ్లతో వస్తుంది. అతి తేలిక గేరు 42కి 28, అంటే 1.5 నిష్పత్తి. 27 అంగుళాల చక్రానికి అది 40 గేరు అంగుళాలు, ఈ అంకె ఎంత తగ్గితే ఎక్కడం అంత తేలిక. అలవాటు లేని కాళ్లకు పొట్టంగి ఎక్కడంలో అది బరువే. వెనక 14 నుంచి 34 పళ్ల ఫ్రీవీల్ వేస్తే 33 అంగుళాలకు దిగుతుంది, మనిషి కూర్చుని తొక్కగలడు.

అయితే ఆ 34 పళ్లను మింగే డిరైలర్ ఉండాలి. గొలుసును పట్టే కేజ్ పొట్టిగా ఉన్నవి ఒప్పుకోవు. కాంపాన్యోలో నువోవో రికార్డ్ 26 పళ్ల వరకే. పొడవు కేజ్ ఉన్న సన్‌టూర్ గానీ, షిమానో గానీ ఉంటే మంచిది. ముందు వైపు చిన్న పళ్ల చక్రం వేయాలంటే క్రాంకు ఐదు బోల్టుల వలయం కొలత అడ్డం వస్తుంది. 144 మి.మీ. వలయంలో 41 పళ్ల కన్నా చిన్నది పట్టదు, 130లో 38 వరకు, 110లో 34 వరకు. చదును నేల మీద బరంపురం, ఇచ్ఛాపురం మధ్య తొక్కేవాళ్లకు ఇవేవీ అక్కర్లేదు.

ఫ్రీవీల్ విప్పడానికి దాని గుంటల ఆకారానికి సరిపోయే టూలు కావాలి. సన్‌టూర్ రెండు గుంటలది, షిమానో పళ్ల గుంటలది, రెజీనా, ఆటమ్ వేరు. రెండు గుంటల టూలు జారితే గుంటలు కోసుకుపోతాయి, కాబట్టి ఇరుసు నట్టుతో టూలును కదలకుండా బిగించి, ఒక్క కుదుపుతో వదులు చేసి, వెంటనే నట్టు తీసేయాలి. ఉలి, సుత్తి తీసే మెకానిక్‌ను అక్కడే ఆపండి.

వెనక చక్రం కొత్తది పెట్టాలంటే?

డ్రాపౌట్ల మధ్య దూరం కొలవండి. 5 స్పీడులో 120 మి.మీ., 6, 7 స్పీడుల్లో 126, తర్వాతివాటిలో 130. 126 ఫ్రేములో 130 హబ్ డ్రాపౌట్లను చేతితో కాస్త ఎడం చేసి దోపితే సరిపోతుంది. 120ను 130 చేయాలంటే స్టీలు ఫ్రేమును రెండు వైపులా సమానంగా వంచి, డ్రాపౌట్లు సమాంతరంగా ఉండేలా సరిచేయాలి. ఈ పని తెలిసినవాడి చేతుల మీదుగానే జరగాలి. అల్యూమినియం ఫ్రేమును ఎప్పుడూ వంచకండి.

కాటర్ పిన్ను క్రాంకుతో ఉంటే వదిలేయాలా?

అక్కర్లేదు. క్రాంకును ఇరుసుకు బిగించే ఈ కాటర్ పిన్ను మన మెకానిక్‌లకు చేతిలో పని. పిన్ను ఇంగ్లండ్‌కు 9.5 మి.మీ., చాలా ఇతర దేశాలవాటికి 9 మి.మీ. పాత పిన్ను తీసేటప్పుడు క్రాంకు కింద ఇనుప పైపు ఆనించి కొట్టమని చెప్పండి, లేకపోతే ఆ దెబ్బ బాల్స్ మీద పడి కప్పు గుంట పడుతుంది. కొత్త పిన్ను ఏటవాలును రెండు వైపులా ఒకేలా రాపించాలి, రెండు పెడల్స్ ఒకే గీతలో ఉండాలి. పిన్ను లేని అల్యూమినియం క్రాంకులు మేలు, కానీ వదులుగా తొక్కించి ఉంటే నాలుగు పలకల కన్ను గుండ్రంగా అరిగిపోయి ఉంటుంది. క్రాంకును పట్టుకుని పక్కకు ఊపి చూడండి.

తయారైన సంవత్సరం అమ్మేవాడు చెప్పిందే నమ్మాలా?

సామాను మీద రాసి ఉంటుంది. షిమానో భాగాల వెనక రెండు ఇంగ్లిష్ అక్షరాలు ఉంటాయి. మొదటిది సంవత్సరం: ఏ అంటే 1976, జీ అంటే 1982. రెండోది నెల: సీ అంటే మార్చి. స్టర్మీ-ఆర్చర్ హబ్ మీద ఏడాది అంకెలే ముద్ర వేసి ఉంటాయి. రెండు మూడు భాగాల తేదీలు దగ్గరగా ఉంటే సైకిల్ పెద్దగా మారలేదని అర్థం. ఒకటి 1978, ఇంకొకటి 1991 అయితే ముక్కలు కలిపిన సైకిల్. అది తప్పు కాదు, కానీ ఆ ధర వేరు.

ఫోటోలు చూసి కొనాల్సి వస్తే ఏవి అడగాలి?

గేరు వైపు పూర్తి సైకిల్ పక్క నుంచి. హెడ్ ట్యూబు వెనక అడుగు భాగం దగ్గరగా. బాటమ్ బ్రాకెట్ అడుగు, ఫ్రేము నెంబరు కనబడేలా. సీటు రాడ్ బయటికి తీసి పట్టుకున్నది. టైరు మీది సంఖ్య. వెనక నుంచి రెండు చక్రాలు ఒకే గీతలో ఉన్నాయో లేదో తెలిసేలా ఒకటి. సీటు రాడ్ తీసిన ఫోటో పంపనంటే అది ఇరుక్కుందనే అనుకోండి. డబ్బు ఇచ్చేటప్పుడు ఫ్రేము నెంబరు, తేదీ, ఇద్దరి సంతకాలతో కాగితం రాయించుకోండి, అమ్మేవారి గుర్తింపు కార్డు నకలు తీసుకోండి.

కోల్‌కతా నుంచి రైల్లో తెప్పించుకోవచ్చా?

తెప్పించుకోవచ్చు. హావ్‌డా నుంచి చెన్నై లైనులో బరంపురం వస్తుంది. పార్సిల్ ఆఫీసు ఉన్న పెద్ద స్టేషన్ పేరే రాయించండి: బరంపురం, విజయనగరం, విశాఖ. రాయగడ, గుణుపూర్‌లకు అక్కడి నుంచి మీరే తెచ్చుకోవడం నిశ్చింత. పెడల్స్ తీసేయించండి. ఎడమ పెడల్‌కు మర తిరగబడి ఉంటుందని పంపేవారికి గుర్తు చేయండి. చక్రాలు విప్పితే ముందు ఫోర్కులో 100 మి.మీ., వెనక డ్రాపౌట్ల మధ్య ఆ ఫ్రేము కొలతకు చెక్క ముక్క బిగించాలి. లేకపోతే దారిలో బరువు పడి చెవులు నొక్కుకుపోతాయి. డిరైలర్ విప్పి ఫ్రేము లోపలి వైపుకు కట్టించండి. ఫ్రేముకు పాత టైరు ట్యూబు చుట్టించి పైన గోనెసంచి కుట్టించండి.

కొన్నాక తప్పకుండా మార్చాల్సినవి?

టైర్లు, ట్యూబులు, బ్రేకు కట్టలు, అన్ని కేబుళ్లు. ఇవి ఎంత బాగా కనబడినా మార్చండి. చైన్‌ను కొలవండి: 24 లింకులు, పిన్ను నుంచి పిన్నుకు సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి. 1/16 అంగుళం పెరిగితే చైన్ మార్చాలి, 1/8 పెరిగితే ఫ్రీవీల్ కూడా పోయినట్టే. హబ్‌లు విప్పి బాల్స్ కొత్తవి వేయించండి: వెనక 1/4 అంగుళం వైపుకు 9, ముందు చాలావాటిలో 3/16 అంగుళం వైపుకు 10. మొత్తం బాల్స్ ఖర్చు టీ ఖర్చంత. మెకానిక్‌కు ఒక పూట పని. ఇరుసు మీద బాల్స్ ఆనే కోన్ మీద గుంటలు పడి ఉంటే కోన్ మార్చనిదే కొత్త బాల్స్ వేసి లాభం లేదు.

పాత రంగు గీకించి కొత్తగా వేయించాలా?

తుప్పు తినేస్తుంటే తప్ప వద్దు. అసలు రంగు, అసలు స్టిక్కర్లు గీతలు పడి ఉన్నా తర్వాత అమ్మేటప్పుడు వాటికే ధర. రంగు లేచిన చోట మాత్రం తుప్పు గీకి, ప్రైమర్ వేసి, చిన్న బ్రష్‌తో దగ్గరి రంగు అద్దండి. లగ్గుల అంచుల్లో నీళ్లు నిలిచే చోట వానాకాలానికి ముందు ఒకసారి మైనం రాయండి.